తువ్వాలు కింద చెయ్యి

మద్యనిషేధం అమలులో ఉన్న రోజులలో గుంటూరు మిరపకాయల కొట్ల వీధిలో మేము అద్దెకుండేవాళ్లం. పక్క వాటాలో ఉన్న దళారి కత్తిపోటు నేరానికి శిక్ష అనుభవించి వచ్చినవాడు. అతని భార్య కొట్లలో మిరపకాయల తొడిమలు తీసేది.

"ఈసారి లోపలికి పోతే నేను పుట్టింటికి పోతానండి మేస్టారూ. మీరన్నా చెప్పండి ఈయనకి" అని ఒకనాడు నా ఎదుటనే అన్నది. అతడు తల వంచుకుని నవ్వాడు.

ఆ వీధిలో ధర నోటితో పలకరు. కొనేవాడు, దళారి చేతులమీద తువ్వాలు కప్పుకుని, దానికింద వేళ్లు నొక్కి బేరమాడుతారు. ఆ ధర ఆ రెండు చేతుల మధ్యనే అణగిపోవాలి. జైలునుంచి వచ్చినవాడిని సైతం జనం నమ్మింది ఆ చేతినిబట్టే.

ఒక ఉదయం అతని పాత యజమాని, దొంగసారా నడిపేవాడు, కొట్టుకు వచ్చాడు. మిరప బస్తాల నడుమ సారా నింపిన రబ్బరు ట్యూబులు దాచి ఒంగోలు చేర్చడం వాడి పద్ధతి. ఘాటుకు తుమ్ములు పట్టుకుంటాయని పోలీసులు బస్తా విప్పేవారు కారు. వాడు బేరగాడిలాగే కూర్చుని తువ్వాలు పరచాడు.

"ఏరా, చెయ్యి పెట్టవేం? జైలుకూడు తిని మగతనం పోయిందా?"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. అతడు చెయ్యి పెట్టాడు. క్షణమాగి తువ్వాలు లాగి అవతల పారేశాడు.

"వినండెహె అందరూ! సారా బస్తా మోస్తే ఈయన నాకు ఇంతిస్తాడంట!" అని ఆ ధరను వీధంతా మారుమోగేలా అరిచాడు. "నేను మొయ్యను, పొమ్మనండి!"

నవ్వులు ఆగిపోయాయి. వచ్చినవాడు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నీ ఇష్టంరా" అని మెల్లగా వెళ్లిపోయాడు.

మరునాడు దళారి తువ్వాలు పరిస్తే కొనేవాడు చెయ్యి పెట్టలేదు. "నీతో బేరమా? రేపు నా రేటు కూడా అరుస్తావు" అన్నాడు. నేను వెళ్లి కొట్టు యజమానిని అడిగాను.

"సారా సంగతి వదిలెయ్యండి మేస్టారూ. గుడ్డ కింద మాట బయటపెట్టినోడికి ఇక్కడ పనెవరిస్తారండీ?"

అతడు పని వెతుక్కుంటూ పొన్నూరు ధాన్యం కొట్లకు వెళ్లాడు. అతనికంటె ముందే ఆ కబురు అక్కడికి చేరింది.

మిరప కోతలు ముగిసేనాటికి ఆ సారావాడు మళ్లీ వచ్చి అదే చోట కూర్చున్నాడు. దళారి వెళ్లి ఎదుట గొంతుక్కూర్చుని, తన తువ్వాలే విప్పి పరచి, చెయ్యి లోపల పెట్టాడు. అరుగుమీద తొడిమలు తీస్తున్న అతని భార్య అది చూసింది. లేచి ఒడి దులుపుకుని ఇంటివైపు నడిచింది.

సాయంకాలం నేను వచ్చేసరికి పక్క వాటాకు తాళం వేసి ఉంది.