జావా మీద రాజముద్ర

శాంతరాజ అరసుకు మోటారు సైకిల్ నడపడం రాదు. ఆ సంగతి మైసూరు మొత్తంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన భార్య చెలువాజమ్మణ్ణి, రెండోవాడు మండీ మొహల్లాలో మెకానిక్ షెడ్డున్న బాబాజాన్. మిగతా ఊరు మాత్రం పాత జావా బండ్ల విషయంలో ఆయన్ని మించిన పండితుడు లేడని నమ్మింది. అలా నమ్మించడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

ముప్పై మూడేళ్లు నీటి సరఫరా కార్యాలయంలో ఫైళ్లు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిపిన మనిషి. సిటీ బస్సులో వెళ్లేవాడు, సిటీ బస్సులో వచ్చేవాడు. రిటైరైన నెలకే, పాత ఇనుప సామాన్ల కొట్టు వెనకాల గోనెసంచుల కింద తుప్పు పట్టి పడి ఉన్న 1962 నాటి జావాను చూసి మనసు పారేసుకున్నాడు. ఆ బండ్లు తయారైన ఊరు కదా, మైసూరులో ఏ హోటల్లో కాఫీకి కూర్చున్నా, మా మేనమామ ఆ ఫ్యాక్టరీలో చేశాడని చెప్పేవాడు ఒకడు తగులుతాడు. అరసుకు అలాంటి మేనమామ లేడు. ఆ లోటు బండితో తీరుతుందనుకున్నాడు.

"నేను కొన్నానని అనుకోకు అమ్మణ్ణీ. అదే నన్ను వెతుక్కుంటూ వచ్చింది," అన్నాడు భార్యతో.

"వెతుక్కుంటూ వచ్చిందైతే తోపుడు బండి మీదెక్కి ఎందుకొచ్చిందండీ? దానికి చక్రాల్లేవా?" అంది చెలువాజమ్మణ్ణి.

చక్రాలు నిజంగానే లేవు. రెండేళ్లు పట్టింది వాటితో సహా అన్నీ సమకూర్చడానికి. బాబాజాన్ ఆ ఫ్యాక్టరీ ఇంజన్ల విభాగంలో పంతొమ్మిదేళ్లు పనిచేసినవాడు. అతను నేల మీద కూర్చుని పిస్టన్ రుద్దుతుంటే, అరసు స్టూలు మీద కూర్చుని పిస్టన్ గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. నంజనగూడు దగ్గర ఎవరింట్లోనో అసలు సిసలు జావా హెడ్‌లైటు కోళ్ల గూటికి దీపంగా వేలాడుతోందని తెలిసి మూడుసార్లు వెళ్లాడు. చివరికి వాళ్ల కోళ్లకు కొత్త లైటు పెట్టించి, పాతది ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాడు. ట్యాంకుకు ముదురు ఎరుపు రంగు ఆరుసార్లు వేయించి, ఆరుసార్లూ గీకించాడు. "ఇది కాదయ్యా అప్పటి ఎరుపు," అని ఒకటే గొడవ.

"సార్, అప్పట్లో రంగు కొట్టింది మా షబ్బీరే. డబ్బా అడుగున ఏముంటే అది కొట్టేవాడు," అన్నాడు బాబాజాన్.

"నువ్వు అక్కడ పనిచేశావంతే బాబాజాన్. నేను చదివాను," అన్నాడు అరసు.

పనిముట్ల పెట్టె మూత లోపలి వైపు తుప్పు గీకుతుండగా కన్నడంలో 'దే' అన్న ఒక్క అక్షరం బయటపడింది. అరసు దాని జోలికి ఎవరినీ రానివ్వలేదు. మూడు రోజులు ఆలోచించి, అది తన తాతగారి తమ్ముడు, ప్యాలెస్ గుర్రపుశాల అధికారి దేవప్పాజీ అరసుగారి ముద్ర అని తేల్చాడు.

"ఆయన పోయి ఈ బండి వయసుకంటే ఎక్కువ కాలమైంది కదండీ," అంది చెలువాజమ్మణ్ణి.

"కొడుకు కొని తండ్రి పేరు చెక్కించుకోకూడదా?"

"ఆయనకు కొడుకులెక్కడున్నారు?"

"నీకు చరిత్ర మీద గౌరవం లేదు," అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

బండి సిద్ధమయ్యాక ప్రతి ఆదివారం పొద్దున బాబాజాన్ వచ్చి స్టార్ట్ చేసిచ్చేవాడు. జావాకు కిక్కూ గేరూ ఎడమ వైపున ఒకటే మీట. నొక్కి పైకి తిప్పితే కిక్కు, మళ్లీ కిందికి దించితే గేరు. ఆ మీటకు అరసు లోలోపల భయపడేవాడు. హెల్మెట్టూ తోలు చేతిజోళ్లూ తొడుక్కుని, మొదటి గేరులోనే వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడ ఇంజను ఆపి, వెనక్కి తోసుకుంటూ వచ్చేవాడు. పెద్దవయసు ఇంజనును అలసిపోనివ్వకూడదని ఇరుగుపొరుగులకు చెప్పేవాడు. ఆయాసం మాత్రం ఆయనకొచ్చేది.

ఆ ఏడు దసరాకు మైదానంలో పాత వాహనాల ప్రదర్శన పెట్టారు. బాబాజాన్ మనవరాలి పెళ్లికి బెంగళూరు వెళ్లాడు. అయినా అరసు వెనక్కి తగ్గలేదు. ట్రాలీ ఆటోలో బండిని ఎక్కించి తీసుకెళ్లి, పక్కన బోర్డు నిలబెట్టాడు: 'ప్యాలెస్ జావా, 1962'. జనం మూగారు. ఆయన పెట్టె మూత తెరిచి, మెత్తటి గుడ్డతో అక్షరాన్ని తుడిచి, "దీనికి బంగారు పూత ఉండేది. కాలంతో పోయింది," అన్నాడు. ఆ బంగారు పూత ఆ పొద్దునే పుట్టింది. ముందురోజు దాకా లేదు.

"మేకుతో గీకింది సామీ అది," అంది వెనక నుంచి ఒక ఆడగొంతు.

అరవై అయిదు దాటిన మనిషి, చంకలో ఖాళీ గంప. గేటు దగ్గర తమలపాకులు అమ్ముకుంటున్నామె.

"గీకింది మా ఆయన. నా పేరు దేవీరమ్మ. మొత్తం రాద్దామనుకున్నాడు, మొదటి అక్షరానికే మేకు వంగిపోయింది."

జనం గొల్లుమన్నారు. అరసు ముఖం ట్యాంకు రంగుకు తిరిగింది. "ఏమ్మా, ఆకుల బేరం గేటు బయట. ఇక్కడ పెద్దవాళ్లు చరిత్ర చూస్తున్నారు."

"చూడండి సామీ, ఎవరొద్దన్నారు? ఎడమ కాలు పెట్టే కడ్డీ కింద అతుకు ఉండాలి, అదీ చూడండి. ఎద్దుబండి గుద్దితే మా ఊరు వరుణలో కమ్మరి అతికాడు."

మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన వంగి చూసి, "ఉందండోయ్!" అని అరిచాడు. విదేశీ నిపుణుల పనితనమని పొద్దుటి నుంచి అరసు అందరికీ చూపిస్తున్నది ఆ అతుకునే.

అంతలో మైకులో ఆయన పేరు పిలిచారు. నిర్ణేతల ముందు ప్రతి బండీ ఒక చుట్టు తిరగాలని నియమం. అరసు చేతిజోళ్లు బిగించి కిక్కు కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. పద్నాలుగో కిక్కుకు హెల్మెట్ జారి కళ్ల మీదికి వచ్చింది. కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు కారి మడమ తడిసింది. మాట వరసకు కూడా ఇంజను దగ్గలేదు.

"పెట్రోలులో ముంచేశారు దాన్ని. లెండి సామీ," అంది దేవీరమ్మ.

ఆయన లేవలేదు. ఆమె లేపింది. పెట్రోలు కట్టేసి, పెట్టెలోంచి పానా తీసి, ప్లగ్గు విప్పి కొంగుతో తుడిచి బిగించింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి మీట మీద కాలు వేసింది. మూడో కిక్కుకు రెండు గొట్టాల్లోంచీ నీలం పొగ లేచి, బండి టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు ఆమె ముఖం ఎలా అయిందో చూసినవాళ్లు కాసేపు నవ్వడం మానేశారు.

"మా ఆయనకు కాలు విరిగినప్పుడు మూడు నెలలు నేనే వేశాను మార్కెట్‌కి ఆకులు. ఒక్క చుట్టే సామీ," అని, జవాబు కోసం ఆగకుండా గేరు వేసి వెళ్లింది.

ఒక్క చుట్టు మూడు చుట్లయింది. మైదానం ఈలలతో ఊగిపోయింది. బహుమతి లారీలో వచ్చిన ఇంకేదో బండికి పోయింది గానీ, మర్నాటి పేపరులో ఫొటో దేవీరమ్మది. అందులో ఆమె వెనకాల హెల్మెట్ పట్టుకుని పరిగెడుతున్న మనిషి ఎవరో పేపరు రాయలేదు. చెలువాజమ్మణ్ణి మాత్రం కత్తిరించి దాచింది.

ఎనిమిది రోజులు అరసు ఇల్లు కదల్లేదు. తొమ్మిదో రోజు బస్సెక్కి వరుణ వెళ్లి, బండి చరిత్ర రాసుకోవడానికి వచ్చానని దేవీరమ్మతో చెప్పి నోటుపుస్తకం తెరిచాడు.

"చరిత్రకేం తొందర? మీకు నడపడం రాదు కదా," అంది ఆమె.

అరసు పెన్ను మూత పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? పద్నాలుగు కిక్కులు చూశాను. బండి తీసుకురండి, నేర్పిస్తాను. కానీ ఉత్త బండి తోలితే నేర్చుకున్నట్టు కాదు. వెనక బరువుండాలి."

బాబాజాన్ బండిని తోలుకొచ్చి దింపిపోయాడు, దారంతా నవ్వుకుంటూ. నెలన్నర పాటు కాలువ గట్టు మీద పాఠాలు జరిగాయి. ఒకసారి అరసు కాలువలో పడి, చక్రం పనితీరు కింద నుంచి పరిశీలించానన్నాడు. పాఠం మొదలైన మూడో వారానికే జావా క్లబ్బు సమావేశంలో, పెట్రోలులో మునిగిన ఇంజనును లేపే పద్ధతి గురించి అరగంట మాట్లాడాడు. ఆ పద్ధతి తాను ఎన్నో ఏళ్ల పరిశోధనలో కనిపెట్టానన్నాడు. కొంగు బదులు రుమాలు అని మార్చాడు.

ఒక పొద్దున దేవీరమ్మ వెనక సీటుకు నాలుగు ఆకుల మోపులు కట్టి, "ఇవాళ ఒక్కరే వెళ్లండి," అంది. వరుణ నుంచి మైసూరు దాకా అరసు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తోయలేదు. మూడో గేరులో గాలి చొక్కాలో దూరి వీపున ఉబ్బింది. అరవై మూడేళ్ల మనిషి రోడ్డు మీద ఒంటరిగా, గట్టిగా నవ్వాడు. తనను ఎవరూ చూడటం లేదన్న బాధ కూడా ఆ కాసేపు తట్టలేదు.

మార్కెట్ వాకిట్లో బండి ఆపగానే ఒక హమాలీ వచ్చి తాళ్లు కోసి మోపులు దింపాడు. "దింపేశాం కదా తాతా, దారికి అడ్డం తియ్యి."

"ఏమయ్యా, ఇది ఏ బండో తెలుసా? వెయ్యిన్నీ తొమ్మిదివందల అరవై రెండులో..."

"అరవై రెండైతే ఏంటి, తొంభై రెండైతే ఏంటి, వెనక టమాటా లారీ ఉంది. తియ్యి!"

అరసు నోరు మూసుకుని మీట పైకి తిప్పాడు. రెండో కిక్కుకే బండి అందుకుంది.