రేడియో మావ పోయిన కబురు

మా రేడియో మావ పోయాడు. మొన్న పొద్దున్న పెళ్లివారింటికి స్పీకరు బాక్సులు ఆటోకెక్కిస్తూ, గుండె పట్టుకుని కొట్టు అరుగు మీద కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోగా అంతా అయిపోయింది. ఆ కబురు మావ రేడియోలోనే చెప్పవలసి వచ్చింది. చెప్పినవాణ్ణి నేను. ఎలా చెప్పానో రాయకుండా ఆయన్ని తలుచుకునే అర్హత నాకు లేదనిపించి ఇది రాస్తున్నాను.

మీలో చాలామంది ఆ రేడియో విని ఉండరు. విజయనగరంలో ఓ సందులో మావకి మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఉంది. దాని మీద రేకుల గది. గోడలకు పాత బొంతలు వేలాడదీసి, ఒక కంప్యూటరు, ఒక మైకు, ఒక ఫ్యాను పెట్టుకున్నాడు. అదే స్టేషను. మైకు తెరిస్తే ఫ్యాను ఆపేయాలి, లేకపోతే ఆ కిర్రుకిర్రు కూడా వెళ్లిపోతుంది. ప్రకటనలు లేవు, అడిగేవాడు లేడు. ఇంటర్నెట్టులో సాయంత్రం పూట గంటసేపు వచ్చేది. వినేవాళ్లలో ఎక్కువమంది భావనపాడు తీరం వైపు నుంచి గుజరాత్ రేవులకు వలసపోయి పడవల మీద పనిచేసే కుర్రాళ్లు. ఫోన్లలో నెట్టు చవకయ్యాక, ఒడ్డున ఉన్న రోజుల్లో వాళ్లకు ఆ గంటే ఊరు. మావదీ ఆ తీరమే. వాళ్లందరికీ ఆయన మావే. పెళ్లయ్యాక పట్నం వచ్చేశాడు.

నేను మొదటిసారి ఆ మెట్లెక్కింది తగువుకే. బస్టాండు దగ్గరా సభల దగ్గరా దొరికిన కరపత్రాలన్నీ చదివి వేడి మీదున్న రోజులవి. ప్రజల రేడియోలో ప్రజా సమస్యలుండాలి గానీ ఎవరింట్లో గేదె ఈనిందో ఎందుకని మెట్ల మీదే నిలదీశాను.

"ఏటీ, గేది ప్రజల్ది కాదేటి?" అన్నాడు మావ. "పైకి రా అల్లుడూ. బువ్వ తిన్నావా నేదా, ముందది సెప్పు. ఆకలి మీదున్నోడితో నాను తగువాడ్ను."

అన్నం పెట్టించాక మైకు నా ముందుకు జరిపాడు. "ఇందాకల నన్ను తిట్టినావు గదా, అదే ఆల్లకీ సెప్పు."

గొంతు సవరించుకున్నాను. "శ్రోతలకు నమస్కారం. నేటి సామాజిక పరిస్థితులలో..." అని వచ్చింది నా నోట. మావ కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు.

"ఒరే, ఏటైపోయిందిరా నీకు? మెట్ల మీద మనిషివే గదా! ఇక్కడికొచ్చేసరికి ఆఫీసు నోటీసైపోనావేటి?"

కాలేజీలో మా యాసను వెక్కిరించినవాడి కాలరు పట్టుకున్నవాణ్ణి నేను. ఉత్తరాంధ్ర మాటకు గౌరవం కావాలని చేత్తో రాసి, జిరాక్సు తీయించి గోడలకు అంటించినవాణ్ణి. కానీ కాలరు పట్టుకుని వాణ్ణి తిట్టింది వాడి యాసలోనే. గోడకంటించిన ఆ కాగితంలో మా మాట ఒక్కటీ లేదు. సినిమాల్లో వెకిలి పాత్ర నోట తప్ప వినబడని ఆ మాట నలుగురిలో ఎక్కడ జారుతుందోనని నా దవడ బిగుసుకుపోయేది. ఇప్పుడిది రాస్తున్నదీ పుస్తకాల తెలుగులోనే. మావ చూస్తే దీన్నీ నోటీసనే అంటాడు.

ఆయన ఎన్నడూ బలవంతపెట్టలేదు. వైర్ల పని, వచ్చిన మెసేజీలు చదివి వినిపించే పని నాకు అప్పజెప్పాడు. "సిగ్గయితే సిగ్గుగానే మాటాడు. ఆల్లకేటి, నువ్వు దగ్గినా ఇంటారు" అనేవాడు. తనూ దగ్గుతోనే మొదలెట్టేవాడు. దగ్గి, "ఒరే, ఉన్నారేటి?" అని అడిగి, నిజంగానే ఆగేవాడు. అవతలి జవాబు వినబడదని తెలిసీ ఆగేవాడు. ఆ తర్వాత వాన సంగతి, వలలో పడిన చేప సంగతి, ఎవరి గుంటడికి పళ్లొచ్చాయో, శ్రీముఖలింగం బస్సు ఎందుకు రాలేదో. ఏ తల్లయినా ఫోను చేసి కొడుక్కి ఫలానా మాట చెప్పమంటే, ఆవిడ తిట్లతో సహా చెప్పేవాడు. మర్యాదగా లేదని నేను గొణిగితే, "అమ్మ తిట్టు తీసీకూడదురా. అది తీసీసినావంటే ఇంకెవుర్దో కబురనుకుంటాడు" అన్నాడు.

నిన్న సాయంత్రం అత్త, అంటే మావ భార్య, నన్ను పైన రేకుల గదికి పిలిచింది. "ఆల్లు ఎదురు సూత్తారు. పొద్దున్నించీ ఫోన్లే. నాను ఎత్తనేదు. నువ్వు సెప్పీ బాబూ, నాకు నోరు పెగల్దు."

కాగితం మీద రాసుకున్నాను. మరణవార్త కదా, హుందాగా ఉండాలని నాకు నేనే చెప్పుకున్నాను. ఫ్యాను ఆపి, మైకు తెరిచి చదివాను. ఇంటిపేరుతో సహా మావ పూర్తి పేరు, రేషను కార్డు మీద తప్ప ఎవరూ ఎరగని పేరు. "గారు హఠాన్మరణం చెందారని తెలియజేయుటకు చింతిస్తున్నాము." అయిపోయింది. అత్త పక్కనే పీట మీద కూర్చుని నా మొహమే చూస్తోంది, ఇంకా ఏమైనా చెబుతాడేమోనని.

ఫోను మోగింది. మావ చేసేట్టే స్పీకరు పెట్టి మైకు దగ్గర ఉంచాను. వెనక పడవ ఇంజిను చప్పుడు.

"నమస్కారం సార్. ఎవురో పెద్దాయన పోనారని సెప్పినారు, పాపం. మరి మా మావని ఓపాలి పిల్తారేటండి? నిన్న గొంతు ఇనబడ్నేదు. జొరమేటో అనుకుంటన్నాం."

సార్. నా ఈడువాడే, నా యాసవాడే. నేను చదివింది విని, చేతులు కట్టుకుని నిలబడ్డట్టు మాట్లాడుతున్నాడు. నేనెవరి మీద కాగితాలు రాసి గోడలకంటించానో వాళ్లలో ఒకణ్ణయి మావ కుర్చీలో కూర్చున్నాను. అత్త చెంగు నోట్లో కుక్కుకుంది. కాగితం తిరగేశాను. వెనక ఏమీ లేదు.

"నాను సార్ని కాదురా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మావకాడ వైర్లు సూసీవోన్ని. ఆ పోయినాయన... మన మావేరా. మావ ఎల్లిపోనాడ్రా."

ఇంజిను దడదడ కొట్టుకుంటోంది. వాడు ఫోను పక్కకు తీసి ఎవరినో కేకేశాడు: "ఒరే, ఇంజినాపండ్రా! మావ పోనాడంట!"

ఇంజిను ఆగింది. పక్క పడవదీ ఆగింది. ఎక్కడో గుజరాత్ రేవులో పడవ చెక్కకు నీళ్లు తగులుతున్న చప్పుడు మా రేకుల గదిలోకి వచ్చింది. మైకు తెరిచే ఉంది. అత్త ముందుకు వంగి, ఆ నీళ్ల చప్పుడుకు చెవి ఒగ్గింది.