నిమ్మ అత్తరు

విశాఖ నుంచి పని మీద మాచర్ల వెళ్లినప్పుడు, మండుటెండలో ఒక అత్తరు దుకాణం ముందు ఆగాను. ముసలి సాయిబు గారు నా మణికట్టు మీద నిమ్మ అత్తరు రాశారు. వేసవిలో అన్నయ్య దగ్గర వచ్చే వాసన అదే. ఒక పెళ్లిలో నలుగురి ముందూ అన్నయ్యని అవమానించాను. అప్పటి నుంచి నాలుగేళ్లుగా మాటల్లేవు.

"మా అన్నయ్యకు పంపాలి. ఒక సీసా ఇవ్వండి" అన్నాను.

"ఆయన చేతికి రాయకుండా ఎట్టిచ్చేది? ఒంటిని బట్టి వాసన మారుద్ది బాబూ. ఆయన్నే తీసుకురా."

"రాడండీ."

"పిలిచి చూశావా?"

సాయిబు గారు అత్తరు అద్దిన దూది నా చెవి మడతలో పెట్టారు.

"నిమ్మ చానాసేపు నిలవదు. ఉండగానే ఫోన్ చెయ్."

తిరుగు బస్సు కారంపూడి చేరేదాకా ఫోన్ చేతిలోనే ఉంది. వాసన పోయింది. అన్నయ్య ఇప్పటికీ నిమ్మ అత్తరే రాసుకుంటున్నాడో లేదో నాకు తెలియదు.