మునుగుడు కోడి వీపు మీద

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే మా ప్రొద్దుటూరులో అందరూ ఎవరి వెనక ఎన్ని జీపులు తిరుగుతున్నాయో మాట్లాడుకునేవాళ్లు. నేను తూనీగల్ని చూడ్డానికి పోయేవాణ్ణి. బడిలో పాఠాలు చెప్పుకునే మనిషికి ఇదేం పిచ్చి అని మా ఆవిడ తిట్టిపోసేది. తిట్టనీ! ఆదివారం చర్చిలో ప్రార్థన ముగియగానే జమ్మలమడుగు బస్సెక్కి, దారిలో ఒక చెరువు దగ్గర దిగిపోయేవాణ్ణి. మెడలో దుర్భిణీ, మా బావ కువైట్ నుంచి తెచ్చింది.

ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. తుంగ మీద ఎర్ర తూనీగలు, పసుపు తూనీగలు! ఆడది తోకతో నీళ్లను టపటపా తాకుతూ గుడ్లు పెడుతుంటే మగది పైనే ఎగురుతూ కాపలా కాసేది. ఎంత చూసినా తనివి తీరేది కాదు. కానీ నా ప్రాణమంతా ఒక మునుగుడు కోడి మీద ఉండేది. బాతు కంటే చిన్న పిట్ట, నీళ్ల మీద తేలే నాచుతో గూడు కట్టుకుంది. గూడు వదిలి పోయేటప్పుడు గుడ్ల మీద తడి నాచు కప్పి మరీ పోయేది, ఎంత జాగ్రత్తో! ఆ గుడ్లు పిల్లలయ్యేది చూడాలని వారమంతా బడిలో ముళ్ల మీద కూర్చున్నట్టుండేది.

ఆ ఆదివారం చూద్దును కదా, పిల్లలు! తల్లి వీపు మీద, రెక్కల సందులోంచి చారల తలకాయలు! గట్టు మీద ఒక్కణ్ణే గంతులేశాను.

వెనక జీపు ఆగింది. చెరువు పక్క ఊళ్లోని ఒక పార్టీ మనుషులు. ఒకరి చేతిలో గోతాం సంచి. దాన్ని పట్టుకున్న తీరు చూస్తేనే లోపల నాటుబాంబులని తెలిసిపోతుంది. చుట్టిన బాంబులు పేలతాయో లేదో చెరువులో వేసి చూసుకోవడం, పనిలో పనిగా తేలిన చేపలు ఏరుకోవడం అక్కడ మామూలే. చప్పున పిల్లలకేసి చూశాను.

వాళ్లలో పెద్ద మీసాలాయన నా మెడకేసి చూశాడు.

"ఏ పార్టీ తరపున చూస్తాండావు సార్? మా జీపు యాడికి పోతాదో కనిపెడతాండావా?"

"నాది మునుగుడు కోడి పార్టీ అప్పా," అన్నాను. భయంలో నోటికొచ్చింది అదే. దుర్భిణీ తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఆడ చూడు, తుంగ పక్కన. బాంబేస్తే ఒక్కటీ మిగలదు."

చూశాడు. శానాసేపు చూశాడు.

"ఓయబ్బ! వీపు మీద ఎక్కించుకోని తిప్పుతాందే!" అని, తక్కినవాళ్ల మీద కసిరాడు. "ఈడ వద్దు. గుట్టకాడికి పోండ్రా!"

వాళ్లు పోయారు. ఆయన మాత్రం దుర్భిణీ వదల్లేదు. ఆయన్ని వాటేసుకోవాలన్నంత సంతోషం నాకు.

కాసేపటికి గుట్ట దద్దరిల్లింది. చెరువులోని కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. మునుగుడు కోడి పిల్లలతో సహా బుడుంగున మునిగింది.

"యాడికి పాయ సార్?" అన్నాడాయన, దుర్భిణీ అటూ ఇటూ తిప్పుతూ.

ఇద్దరం నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాం. తుంగకు అవతల ముందు తల్లి తేలింది. తర్వాత ఒక చారల తల, పక్కన మరొకటి, ఇంకొకటి.

"ఉండాయి! అన్నీ ఉండాయి!" అని అరిచేశాను.

ఆయన దుర్భిణీ దించాడు.

"మా పిల్లోల్లూ ఇంతే సార్. చప్పుడైతే చాలు, మంచం కింద దూరుకుంటారు. వాళ్లమ్మ పిలిస్తే వస్తారు. నేను పిలిస్తే రారు."