మూసిన గదిలో కూలర్

మా నాయనకు కూలర్ గాలి పడలేదని, అందుకే పోయిన ఎండాకాలం సొమ్మసిల్లి పడిపోయాడని మా బంధువులంతా చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నా తమ్ముడు. నేను ఒప్పుకోను. పడకపోవడానికి ఆ గదిలో గాలంటూ ఆడితే కదా.

కుందుర్పిలో తమ్ముడి ఇంటికి నేను వెళ్ళేసరికి నడిమింట్లో కొత్త కూలర్ తిరుగుతోంది. కిటికీలు మూసి, తలుపు కింది సందులో గోనెపట్టా కుక్కి ఉంది. లోపల అడుగు పెట్టగానే ముఖానికి తడిబట్ట చుట్టినట్టయింది. నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. బనియన్ ఒంటికి అంటుకుపోయింది.

"కిటికీ తెరవప్పా," అన్నాను తమ్ముడితో.

"బయట నిప్పులు కురుస్తాండాయి కదక్కా. వీధికి చల్లగాలి పంచేదానికా నేను దీన్ని తెచ్చింది?"

డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని, ఊరుకోలేకపోయాను. కూలర్ చల్లదనాన్ని పుట్టించదురా, వేడి మాయమూ కాదు, చోటు మారుతుందంతే అన్నాను. నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటాయి. గాలి చల్లబడుతుంది, ఆవిరి మాత్రం గాలిలోనే ఉండిపోతుంది. ఆ తేమగాలిని బయటికి పోనిస్తే పొడిగాలి వచ్చి మళ్ళీ చల్లబడుతుంది. పోనివ్వకపోతే కూలర్లో నీళ్ళూ ఆరవు, మనిషి ఒంటి మీద చెమటా ఆరదు. పైగా మోటారు తిన్న కరెంటంతా చివరికి వేడిగా మారి ఆ నాలుగు గోడల మధ్యే మిగులుతుంది.

"ఇంతకంటే ఇడ్లీపాత్రలో కూర్చోబెట్టు నాయన్ని," అన్నాను.

"నీ సదువు నీకాడే పెట్టుకో. సల్లగా ఉండాదో లేదో నాయన్నే అడుగు."

అడిగాను.

"ఉండాదిలేమ్మా," అన్నాడు నాయన, మా ఇద్దరిలో ఎవరి వైపూ చూడకుండా.

ఆ పూటంతా నేను కిటికీ తెరవడం, వాడు వచ్చి మూయడం. నాకు కుదురు లేదు. వరండాలోకి వెళితే ఎండ చురుక్కుమంటుంది, కానీ చెమట ఆరుతుంది. లోపలికి వస్తే మళ్ళీ జిడ్డు. లోపలికీ బయటికీ తిరుగుతూ తమ్ముడితో వాదిస్తూనే ఉన్నాను.

మరునాడు మధ్యాహ్నం నాయన మంచినీళ్ళకని లేచి గడప దగ్గరే కూలబడ్డాడు. చెమట కారుతూనే ఉంది, ఒళ్ళు మాత్రం కాలిపోతోంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. గాలి ఆడే చోట పడుకోబెట్టమని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికి రాగానే కూలర్ వీపు బయటికి ఉండేలా కిటికీ దగ్గరికి జరపబోయాను.

"ఒక చెయ్యి వెయ్యి," అంటే తమ్ముడు వచ్చి వేశాడు. ఎదుటి కిటికీ నేనే తెరిచాను. ఈసారి వాడు మూయలేదు. కాసేపటికి నాయన గోడ వైపు తిరిగి నిద్రపోయాడు. అదంతా కళ్ళారా చూసి కూడా, పలకరించడానికి వచ్చినవాళ్ళతో వాడు "ముసలాయనకు కూలర్ పడల్యా" అనే చెప్పాడు. పోనీ, వాడి బుద్ధి నాకు కొత్త కాదు.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది నాయన సంగతి. ఇప్పుడు బాగానే తిరుగుతున్నాడు. ఉక్కపోస్తోందని ఆ రోజు ఒక్క మాట ఎందుకు అనలేదని ఎన్నిసార్లు అడిగినా, "ఇంగెందుకు లేమ్మా ఆ మాట," అని లేచి వెళ్ళిపోతాడు. కొడుకు ముచ్చటపడి తెచ్చినదాన్ని కాదనలేకపోయాడా? లేక ఊపిరాడకపోయినా సరే, మా ఇద్దరి నోళ్ళు మూతపడితే చాలనుకున్నాడా?