ఇరవై ఏడో నంబర్ వాగు దాటిన రోజు

మా లెక్కల టీచర్ పోయారు. ఈ నెల మొదట్లో ఒక ఉదయం నేను కాజీపేటలో బస్సు కోసం నిలబడి ఉండగా, బళ్లో చదివేటప్పుడు నా పక్కన కూర్చున్న పన్నెండో నంబర్ ఫోన్ చేసింది. "టీచర్ పోయిన్రే" అని ఊరుకుంది. ఎప్పుడూ ఆపకుండా మాట్లాడే మనిషి. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

పేర్లు పిలిచే అలవాటు టీచర్‌కి లేదు. మేం ఆమెకు నంబర్లమే. అయినా ఏ నంబర్ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో ఆమెకు తెలుసు. నేను ఇరవై ఏడు. కాన్వెంటులో పదేళ్లు చదివినా నా గొంతు ముందు బెంచీ దాకా వెళ్లిన రోజు లేదు. హాజరు పిలిస్తే పన్నెండో నంబరే నా బదులు పలికేది.

ఏటా డిసెంబర్‌లో టీచర్ పదో తరగతి పిల్లల్ని ములుగు అడవిలో నడిపించేవారు. జీపులు దిగిన చోటు నుంచి వాగు వెంట పైకి వెళ్లి, చుట్టు తిరిగి, మళ్లీ జీపుల దగ్గరికే వచ్చే కాలిబాట అది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. వాగును రెండుసార్లు దాటాలి. ఒక్కొక్కరే రాళ్ల మీదుగా దాటి, గట్టెక్కి, తమ నంబర్ అరిచి చెప్పాలి. అది వెనక గట్టుకు వినపడితేనే తర్వాతి పిల్ల నీళ్లలో కాలు పెట్టాలి. అందరి తర్వాత టీచర్ దాటి "సున్నా!" అని అరిచేవారు. నడకలోనూ ఆమే చివర. తెల్ల కాన్వాస్ బూట్లు, చేతిసంచిలో ఉప్పూకారం చల్లిన జామముక్కలు.

"సున్నా ముందు నడిస్తె ఏం లాభం? ఎనక ఉంటెనే మీకు ఇలువ" అనేవారు.

మేం వెళ్లిన ఏడాది, మొదటిసారి దాటాక నేను నంబర్ చెప్పాననే అనుకున్నాను. వాగు చప్పుడులో నాకే వినపడలేదు. పన్నెండో నంబర్ అలవాటుగా "ఇరవై ఏడు!" అని అరిచింది.

వెనక గట్టు నుంచి టీచర్ నవ్వారు. "ఆ గొంతు పన్నెండుది. నాకు ఎర్కలేదనుకున్నవా? బళ్లె నడిపిచ్చినవ్, సరే. వాగు కాడ ప్రాక్సీ నడవది బిడ్డా. రేపు అది నీళ్లల్ల జారిపడ్డా గుడ నువ్వే పలుకుతవా?"

పన్నెండు నాలుక కరుచుకుంది.

టీచర్ దాటి వచ్చి నా పక్కన నిలబడ్డారు. "ఇరవై ఏడూ, రెండోసారి దాటెకాడ నీ గొంతు నాకు ఇనపడాలె. లేకుంటె అందరం వచ్చిన తొవ్వనే వాపస్."

అంతకుముందు ఏడాది పిల్లలు నీళ్లెక్కువై సగంలోనే తిరిగొచ్చారు. ఈసారి నా వల్ల తిరగాలా? ఎండిన టేకాకుల మీద నడుస్తూ మధ్యాహ్నం దాకా ఇరవై ఏడు, ఇరవై ఏడు అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

"ఇయ్యాల మమ్ముల నడిచిన తొవ్వనే రెండుసార్లు నడిపియ్యకే తల్లీ" అని ముందు నుంచి ఒకమ్మాయి నాకు దండం పెట్టింది. అందరూ నవ్వారు. టీచర్ వెనక నుంచి నాకు ఒక జామముక్క అందించారు.

రెండోచోట వాగు వెడల్పు ఎక్కువ. దాటి, గట్టెక్కి, వెనక్కి తిరిగాను. అవతల టీచర్ చెవి దగ్గర చేయి పెట్టుకుని నిలబడ్డారు. నా పక్కన పన్నెండు రెండు చేతులతో తన నోరు మూసుకుంది.

"ఇరవై ఏడు!"

మద్దిచెట్టు మీంచి కొంగలు లేచాయి. అది నా గొంతేనా అని నేనూ చుట్టూ చూశాను.

"వాగే భయపడ్డది పో!" అని టీచర్ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం చుట్టు పూర్తిచేసి జీపులు ఎక్కాం. వరంగల్ వచ్చేదాకా నా మాటలు ఎవరూ ఆపలేకపోయారని పన్నెండు ఇప్పటికీ ఫిర్యాదు చేస్తుంది.

ఇప్పుడు రోజూ అరవై మందికి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీకి వినపడుతోందా అని అడగను.

టీచర్‌ను ఖననం చేసిన వారం, శనివారం పొద్దున్నే, తొమ్మిదిమందిమి జీపు మాట్లాడుకుని ఆ చుట్టు నడిచాం. చివర నేను. రెండోచోట ఒక్కొక్కరే దాటి నంబర్ చెప్పారు. ఆఖరున నేను దాటి "ఇరవై ఏడు!" అన్నాను. ఈసారీ కొంగలు లేచాయి.

ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. అందరం వెనక గట్టు వైపే చూస్తున్నాం. ఇంకొక్క నంబర్ రావాలి. పన్నెండు నా పక్కనే ఉంది, పెదవి విప్పలేదు. ఎండలో రాళ్ల మీద తొమ్మిదిమంది తడి అడుగులు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు, ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.