పిన్నికి నేను నేర్పిన ఘాతాంకాలు

ఆసుపత్రి లాండ్రీలో మా పిన్ని ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు మడతపెడుతోంది. అంచుకు అంచు వెంట్రుకవాసి తప్పినా మొత్తం విప్పి మళ్లీ మడుస్తుంది. సూపర్‌వైజరు పరీక్షకు యాభై నిండితే కూర్చోనివ్వరు. ఆమెకు నలభై తొమ్మిది. నేనూ అదే లాండ్రీలో పనివాణ్ణి, అదే పరీక్ష రాస్తున్నాను. ఆమెకు లెక్కలు నేర్పే భారం కూడా నెత్తిన వేసుకున్నాను. ఎవరూ అడగలేదు.

“మూడు పవర్ ఎనిమిది, ప్లస్ మూడు పవర్ పది. ప్రధాన కారణాంకాలు కావాలి,” అన్నాను. “ఉమ్మడిగా ఉన్న మూడు పవర్ ఎనిమిదిని బయటికి తీసెయ్. రెండోదాంట్లో తొమ్మిది మిగుల్తుంది. మొదటిదాంట్లో ఏమీ మిగలదు. అన్నీ మూళ్లే. జవాబు మూడొక్కటే.”

“ఏమీ మిగలదా?”

“అంతా తీసేశాక ఏం మిగుల్తుంది పిన్నీ?”

పిన్ని దుప్పటి మడత విప్పి మళ్లీ మడవడం మొదలుపెట్టింది. ఒప్పుకున్నప్పుడూ అంతే, ఒప్పుకోనప్పుడూ అంతే.

పరీక్షలో సరిగ్గా ఆ లెక్కే ఇచ్చారు. హాల్లోనే పిన్నికేసి చూసి కళ్లెగరేశాను. నలభై వస్తే పాసు. నాకు నలభై వచ్చాయి, పిన్నికి ముప్పై తొమ్మిది. ఆఫీసువాళ్ల జవాబుల పట్టికలోనూ మూడే ఉంది. పిన్నేమో రెండు, మూడు, ఐదు అని రాసింది.

“నేను చెబితే విన్నావా?” అన్నాను, కాస్త గట్టిగానే.

మర్నాడు ఆమె పరీక్షల ఆఫీసుకు బయల్దేరింది. తోడు వెళ్లింది నేనే, నా ఖర్మ.

“జవాబులు నిపుణులు తయారుచేశారమ్మా,” అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

పిన్ని ఆయన బల్ల మీదే కాగితం పరిచి, మూడును మూడుతో హెచ్చవేసుకుంటూ పోయింది. 6,561. తర్వాత 59,049. రెండూ కలిపి 65,610 అని రాసి, కాగితం ఆయన వైపు తిప్పింది.

“చివర సున్న ఉంది కదా బాబూ, పదితో పోదూ? పదిలో రెండూ ఐదూ లేవూ? మొదటిదాంట్లోంచి అంతా తీసినా ఒకటి మిగుల్తుంది. ఒకటీ తొమ్మిదీ పది.”

గుమాస్తా రెండుసార్లు కూడాడు. నేను మనసులో మూడుసార్లు కూడాను.

వారం తిరిగేసరికి పట్టిక సరిదిద్దారు. మూడని రాసినవాళ్లందరికీ ఒక మార్కు కోసేశారు. పిన్నికి నలభై, నాకు ముప్పై తొమ్మిది. కడుపు మండిపోయింది. ఎవరి మీద మండాలో తేలక ఇంకా మండింది.

“నాకు పోతుందని నీకు తెలీదా?” అని అడిగాను.

పిన్ని చేతిలో దుప్పటి పక్కన పెట్టింది.

“తెలిసే వెళ్లాన్రా. ఆఫీసు మెట్ల దగ్గర వెనక్కి తిరుగుదామనుకున్నాను కూడా. నీకు వచ్చే ఏడు మళ్లీ పరీక్ష ఉంది. నాకు లేదు.”